చేసిన చేయే అమ్మాలి

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రానికి రాజధాని శాంటా ఫే. ఆ ఊరి నడిబొడ్డున, ప్లాజా అనే చెట్ల మైదానానికి ఉత్తరాన, పొడవాటి మట్టి కట్టడం ఒకటి ఉంది. దాన్ని ప్యాలెస్ ఆఫ్ ది గవర్నర్స్ అంటారు. 1610 ప్రాంతంలో స్పెయిన్ పాలకులు కట్టించుకున్నది. పేరుకే ప్యాలెస్, మేడా లేదు, గోపురమూ లేదు. ముందు మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా కొయ్య స్తంభాల వసారా ఉంది. పొద్దున్నే ఆ వసారాలో గోడకు వీపు ఆనించి, ముందు గుడ్డ పరుచుకుని, వెండి నగలు, పూసల దండలు, మట్టి కుండలు సర్దుకుంటూ వరుసగా కూర్చుంటారు ప్యూబ్లో, నావహో తదితర ఆదివాసీ తెగల పనివాళ్లు. ఇలాంటి సంతలు ఎక్కడ మాత్రం లేవు అని మీరు అనవచ్చు. కానీ ఇక్కడ ఒక నిబంధన ఉంది: అమ్మకానికి పెట్టిన వస్తువు అమ్మేవాళ్లు చేసినదై ఉండాలి, లేదంటే వాళ్ల ఇంట్లోవాళ్లు చేసినదై ఉండాలి. కొని తెచ్చి అమ్మడానికి వీల్లేదు. దళారికి చోటే లేదు.

ఫొటోలు తీసుకుని వెళ్లిపోయే పర్యాటకులు ఈ నిబంధనను పెద్దగా పట్టించుకోరు. నన్నడిగితే అక్కడి పనితనం ఇన్నాళ్లు నిలబడటానికి సగం కారణం అదే.

పోర్టాల్ అని పిలిచే ఈ వసారా అంగడి న్యూ మెక్సికో హిస్టరీ మ్యూజియం పరిధిలోది. అయినా రోజువారీ వ్యవహారం చాలావరకు అమ్మేవాళ్ల చేతుల్లోనే నడుస్తుంది. ఏటా తమలోంచే కొందరిని కమిటీగా ఎన్నుకుంటారు. కొత్తగా చేరాలనుకునేవాళ్లు ఆ పని తమకు నిజంగా వచ్చునని చేసి చూపించాలి. వస్తువు మీద చేసినవాళ్ల గుర్తు ఉండాలి. రాయి సహజమైనదా, జిగురు పట్టించి గట్టిపరిచినదా అన్నది దాచకుండా చెప్పాలి. ఉన్న జాగాల కంటే వచ్చినవాళ్లు ఎక్కువైతే చీట్లు తీస్తారు. ఏళ్ల తరబడి కూర్చుంటున్న పెద్దావిడకైనా, మొన్న చేరిన కుర్రాడికైనా చీటీ చీటీయే. చీటీ రానివాళ్లు మూట సర్దుకుని వెనక్కి వెళ్లాల్సిందే. గంటల తరబడి బండి నడుపుకుంటూ వచ్చినవాళ్లకు అది చిన్న కష్టమేమీ కాదు.

ఈ వసారాకు పాత బాకీ ఒకటి ఉంది. 1680లో ప్యూబ్లో తెగలు దాదాపు అన్నీ ఏకమై తిరగబడ్డాయి, స్పెయిన్‌వాళ్లను ఆ ప్రాంతం నుంచే తరిమేశాయి. తరిమేసి ఊరుకోలేదు, ఈ ప్యాలెస్‌లోనే కాపురాలు పెట్టాయి. 1692లో స్పెయిన్ సేన తిరిగి వచ్చేదాకా, అంటే పన్నెండేళ్ల పాటు, అది వాళ్ల ఇల్లే. అందుకే ఇవాళ అక్కడ గుడ్డ పరుచుకుని కూర్చున్నవాళ్లను చూసి, పాపం ఎవరి అరుగు మీదో ఒదిగి కూర్చున్నారని జాలిపడనక్కర్లేదు.

అంగడి మాత్రం తర్వాతి కాలానిది. 1880లో అక్కడికి రైలు వచ్చింది. వస్తూ వస్తూ రేకు గిన్నెలు, ఇనుప పాత్రలు తెచ్చి ఇంటి కుండను మూలకు నెట్టింది. అదే రైలు పర్యాటకులనూ దించింది. వంటకు అక్కర్లేని కుండ జ్ఞాపికగా మళ్లీ అవసరమైంది. పెట్టెలో పట్టాలి, చవగ్గా ఉండాలి అన్నదే కొనేవాళ్ల లెక్క కాబట్టి పనితనం పలచబడింది. దాన్ని నిలబెట్టాలని 1922లో మ్యూజియంవాళ్లు ఒక ఇండియన్ ఫెయిర్ మొదలుపెట్టారు. మంచి ఉద్దేశమే. కానీ ఏది అసలైన సంప్రదాయమో తేల్చింది శ్వేతజాతి పండితులు. మొదట్లో అమ్మిందీ మ్యూజియం సిబ్బందే. చేసినవాళ్లు పక్కన నిలబడ్డారు. 1936లో మరియా షాబో అనే యువతి చొరవతో శనివారం సంతలు మొదలయ్యాయి. మెక్సికోలో ఊళ్లవాళ్లు తమ సరుకు తామే అమ్ముకోవడం చూసి వచ్చిందావిడ. అప్పుడు చేసినవాళ్లే వసారాలో కూర్చుని, ధర తామే చెప్పడం మొదలుపెట్టారు. ఆ పాత ఫెయిరే పెరిగి పెద్దదై, ఇప్పుడు ఏటా ఆగస్టులో ప్లాజా చుట్టూ జరిగే శాంటా ఫే ఇండియన్ మార్కెట్ అయింది. పోర్టాల్ మాత్రం ఆ రెండు రోజుల జాతరతో నిమిత్తం లేకుండా ఏడాది పొడవునా నడుస్తుంది.

మామూలు అంగడికీ దీనికీ ఉన్న తేడా తెలియాలంటే ఒక కుండను దగ్గరగా చూడాలి. శాన్ ఇల్డెఫోన్సో అనే ప్యూబ్లో ఊరి నల్లకుండనే తీసుకుందాం.

దీనికి సారె లేదు. మట్టి అంగట్లో కొన్నది కాదు; ఏ గట్టున ఏ మట్టి దొరుకుతుందో ఆ కుటుంబాలకే తెలుసు. తవ్వే ముందు మట్టితల్లికి చిటికెడు మొక్కజొన్న పిండి చల్లి దణ్ణం పెట్టుకుంటారు. తెచ్చిన మట్టిని ఎండబెట్టి, నానబెట్టి, జల్లించి, అందులో మెత్తటి అగ్నిపర్వత బూడిద కలుపుతారు. ఒట్టి మట్టి ఆరేటప్పుడు ముడుచుకుని పగులుతుంది, కాల్చినప్పుడు చిట్లుతుంది. బూడిద ఆ రెండింటినీ ఆపుతుంది. అకోమా ప్యూబ్లోవాళ్లు బూడిదకు బదులు పగిలిన పాత కుండల పెంకులు నూరి కలుపుతారు. అమ్మమ్మ కుండ మనవరాలి కుండలోకి చేరడం అక్కడ మామూలే.

అడుగును లోతు తక్కువ చిప్పలో కూర్చోబెట్టి, దాని మీద మట్టిని తాళ్లలా పేనుతూ చుట్ల మీద చుట్లు పేర్చుకుంటూ పోతారు. ఎండిన సొరబుర్ర పెంకుతో లోపలా బయటా గీకుతూ గోడను పలచన చేస్తారు. తిరిగేది చిప్పే, తిప్పేది చెయ్యే. ఆరాక గరుకు పోయేలా రుద్ది, పలచటి ఎర్రమట్టి పూత వేస్తారు. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. పూత ఇంకా తడిగా ఉండగానే నున్నటి ఏటి గులకరాయితో మెరుగు పెట్టాలి. రాయి ఒకే దిక్కుకు, ఒకే ఒత్తిడితో నడవాలి. మధ్యలో ఫోను మోగిందని లేస్తే పూత ఆరిపోతుంది, చారలు పడతాయి. గీకేసి మళ్లీ మొదటికి రావాలి. అద్దంలా మెరిసే ఆ కుండ మీద గాజు పూత లేదు, వార్నిష్ లేదు. మెరుపంతా రాయి రాపిడిదే. అందుకే ఆ గులకరాళ్లను ఇంట్లో నగల్లా దాచుకుంటారు, తల్లి నుంచి కూతురికి ఇస్తారు.

కాల్చడం ఆరుబయటే. గాలి లేని వేళ చూసుకుని, నేల మీద ఇనుప కమ్మీల పీట వేసి, కుండలు బోర్లించి, చుట్టూ రేకులో పిడకలో కప్పి, కింద కట్టెలు ముట్టిస్తారు. ఇలాగే వదిలేస్తే కుండ ఎర్రగా కాలుతుంది. మంట బాగా అందుకున్నాక పొడి గుర్రప్పేడను గుప్పించి మొత్తం మూసేస్తే నల్లబడుతుంది. లోపలికి గాలి ఆడదు. మట్టిలోని ఇనుము ఎరుపును వదులుకుంటుంది, పొగలోని మసి మట్టి రంధ్రాల్లోకి ఇంకుతుంది. రంగు వేయకుండానే వచ్చిన నలుపు అది. మన తెలుగు నేల మీద బృహత్‌శిలా యుగపు సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండల వెనక ఉన్నదీ గాలిని అదుపు చేసే ఈ కిటుకే; అక్కడ గాలి తగలని భాగం నల్లగా, తగిలిన భాగం ఎర్రగా మిగిలింది. తడి ఏ మూలన దాగినా కుండ ఆ మంటలో పేలిపోతుంది. వారాల పని ఒక్క చప్పుడుతో పోతుంది. ధర అడిగి ముఖం చిట్లించేవాళ్లకు పేలిన కుండల ఖర్చు కనిపించదు. పగలని కుండ ధరలోనే అదీ కలిసి ఉంటుంది.

నలుపు మీద నలుపు బొమ్మ తెచ్చినవాళ్లు ఇదే ఊరి మరియా మార్టినెజ్, ఆమె భర్త జూలియన్. 1919 ప్రాంతంలో మెరుగు పెట్టిన కుండ మీద జూలియన్ మట్టి పూతతోనే బొమ్మ గీశాడు. కాలాక మెరుగున్న చోట తళతళ, బొమ్మ ఉన్న చోట మసక. కుండ చేసేది ఆమె, గీసేది అతను. ఈ కుండలు దేశమంతా పేరు తెచ్చుకున్నాయి. కొనేవాళ్లు సంతకం కావాలన్నారు, ఆమె సంతకం మొదలుపెట్టింది. ఆమె సంతకం ఉంటే మంచి ధర వస్తోందని తెలిసి ఊళ్లో ఇతరులు తమ కుండలూ తెచ్చారని, ఆమె కాదనకుండా వాటి మీదా పేరు రాసిందని చెబుతారు. సేకర్తలకు ఇది మింగుడుపడలేదు. ఆమెకు మాత్రం అందులో తప్పేమీ కనిపించలేదు. ఊరి మట్టి, ఊరి పద్ధతి, ఊరి పని. ఒకరి పేరుతో నలుగురికి నాలుగు డబ్బులొస్తే ఏం పోయింది? ఇవాళ పోర్టాల్‌లో ప్రతి వస్తువుకూ గుర్తు తప్పనిసరి. ఆ నిబంధన కొనేవాళ్లకు మేలు చేసిందనడంలో సందేహం లేదు. కానీ అది ఊరి పద్ధతిలోంచి పుట్టలేదు, బజారు అవసరంలోంచి పుట్టింది.

కెవా ప్యూబ్లోవాళ్ల పని పూసలది. గవ్వలు, రాళ్లు చిన్న పలకలుగా కోసి, ఒక్కోదానికీ బెజ్జం వేసి, తీగకు గుచ్చి, తీగనంతా కలిపి రాతి మీద దొర్లిస్తూ అరగదీస్తారు. మూలలన్నీ పోయి సన్నటి బిళ్లల దండ తయారవుతుంది. దాన్ని హీషీ అంటారు. మంచి దండను వేళ్ల మధ్య లాగితే ఎక్కడా గుచ్చుకోకూడదు. ఇప్పుడు తిరిగే చక్రానికి, బెజ్జం మరకు కరెంటు వచ్చింది. అరిగేది ఎంతవరకో చూసుకునేది ఇంకా వేళ్లే. 1930ల మాంద్యంలో రాళ్లు కొనే స్తోమత లేక ఇదే ఊరివాళ్లు పాత కారు బ్యాటరీల నల్ల పెట్టెలను కోసి, ప్లాస్టిక్ దువ్వెనలను ముక్కలు చేసి, పక్షి బొమ్మల పతకాలు చేశారు. చెత్తలోంచి పుట్టిన ఆ పతకాలను ఇప్పుడు సేకర్తలు వెతికి వెతికి కొంటున్నారు.

కాబట్టి సంప్రదాయమంటే పాతదే చేస్తూ కూర్చోవడం అనుకుంటే పొరపాటే. కొచిటి ప్యూబ్లోలో హెలెన్ కార్డెరో 1964లో ఒక మట్టి బొమ్మ చేసింది: కళ్లు మూసుకుని, నోరు తెరిచి కథ చెబుతున్న తాత, ఒంటి మీద ఎగబాకుతున్న పిల్లలు. కథలు చెప్పడంలో పేరున్న సొంత తాతనే తలచుకుని చేసిందది. అంతకు ముందు తల్లీబిడ్డల బొమ్మలు ఉండేవి. ఇలాంటి తాత లేడు. ఇప్పుడు ఆ తాతను ఎన్నో ప్యూబ్లోల్లో ఎందరో చేస్తున్నారు. నియమాల పుస్తకం పట్టుకుని 1922 నాటి పండితులను అడిగి ఉంటే, ఇది సంప్రదాయం కాదు పొమ్మనేవారేమో.

నకిలీల బెడద మామూలుగా లేదు. రంగు వేసిన ప్లాస్టిక్‌ను టర్కోయిజ్ రాయని అమ్ముతారు. ఫిలిప్పీన్స్‌లో చేయించిన నగలను ఆదివాసుల పనిగా న్యూ మెక్సికోలోనే అమ్మిన కేసు జైలుశిక్ష దాకా వెళ్లింది. 1990 నాటి చట్టం ప్రకారం, ఆదివాసులు చేయనిదాన్ని వాళ్లు చేసిందని అమ్మితే తొలి తప్పుకే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. చట్టం గట్టిదే, కానీ దాని కన్ను ప్రతి కొట్టు మీదా ఉండదు. మన పోచంపల్లి ఇక్కత్‌కూ భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా ఇక్కత్ బొమ్మను ప్రింటు కొట్టిన బట్ట ప్రతి ఊరి బజారులోనూ ఉంది. దారానికే రంగు వేసి నేసినదైతే బొమ్మ రెండు వైపులా ఒకేలా పడుతుందని, అంచులు కొద్దిగా చెదురుతాయని నేతగాడు ఒక్క నిమిషంలో చూపించగలడు. కానీ కొట్టులో నేతగాడు ఉండడు. పోర్టాల్‌లో ఆ నిమిషం దొరుకుతుంది. మట్టి ఎక్కడిది, పూత ఏమిటి, ఈ మచ్చ ఎందుకొచ్చింది అని అడిగితే చేసినవాళ్లు తడుముకోకుండా చెబుతారు. చేయనివాళ్లకు రెండో ప్రశ్నకే నోరు పెగలదు.

అక్కడ ఆదివాసులే అమ్మాలన్న ఏర్పాటు మీద కోర్టుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. తమను అక్కడ అమ్మనివ్వకపోవడం జాతి వివక్ష అని నగలు చేసే శ్వేతజాతివాళ్లు దావా వేస్తే, 1979లో ఫెడరల్ అప్పీల్ కోర్టు మ్యూజియం వైపే తీర్పు చెప్పింది. పోర్టాల్‌లో ఆదివాసులు అమ్మడం సంప్రదాయాన్ని కాపాడే, జనానికి తెలియజెప్పే పనిలో భాగమని మ్యూజియం వాదన. గెలిపించిన వాదనే అయినా నాకు అది కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అక్కడ కూర్చున్నవాళ్లు ప్రదర్శనకు పెట్టిన బొమ్మలు కారు. పిల్లల ఫీజు కోసం, కారు వాయిదా కోసం అమ్ముకునే మనుషులు. సంప్రదాయం మీద ఉపన్యాసం విని, ఫొటో అడిగి, ఏమీ కొనకుండా వెళ్లేవాళ్లు వాళ్లకు రోజూ తగులుతుంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు సెలవులకు అటు వెళ్తే పోర్టాల్‌కు పొద్దున్నే వెళ్లడం మంచిది. ఫొటో తీసే ముందు అడగాలి. బేరం మన చేతికి వచ్చిన విద్యే గానీ, అక్కడ ధర చెబుతున్నది దుకాణదారు కాదు, ఆ కుండకు మెరుగు పెట్టిన మనిషి అని గుర్తుంచుకుంటే చాలు. నల్లకుండ కొంటే అందులో నీళ్లు పోసి పూలు పెట్టకండి. తక్కువ వేడిలో కాల్చిన మట్టి అది, నీళ్లు పీల్చుకుని మెరుపు పోగొట్టుకుంటుంది. వంటకు కావాలంటే టావోస్, పికురిస్ ప్యూబ్లోల అభ్రకం మట్టి కుండ అడగండి. మినుకుమినుకుమనే ఆ కుండ పొయ్యి మీద పెట్టడానికే పుట్టింది. వాళ్లు చిక్కుళ్లు ఉడకేసుకునేది అందులోనే.