పిక్క మాంసం, చింతచిగురు, సన్నని సెగ

పెద్దకూర గట్టిగా ఉంటుందని ఎవరైనా అన్నారంటే, మంచి చెయ్యి వండిన కూర వాళ్లు తినలేదనే నా నమ్మకం. దగ్గరపడిన చిక్కటి పులుసు, వేలితో అదిమితే పోగుపోగుగా విడిపోయే ముక్క, పులుపు లోపలి దాకా దిగిన మూలుగ బొక్క, పక్కన వేడి జొన్నరొట్టె. ఇంతకు మించిన భోజనం తెలుగునాట ఉందంటే నేను ఒప్పుకోను. బ్రాయిలర్ కోడిని అరగంటలో ఎవరైనా ఉడికిస్తారు. ఏళ్ల తరబడి బండి లాగిన దున్న పిక్కను పళ్లూడిన ముసలమ్మ కూడా హాయిగా తినేంత మెత్తగా చేయడం మాత్రం విద్య.

తోళ్లు ఒలిచినవాళ్లు, పొలాలు దున్నినవాళ్లు నిలబెట్టిన వంట ఇదని మా పెద్దలు చెప్తారు. మాల మాదిగ వాడల్లో, ముస్లింల ఇళ్లల్లో ఇది తరాల నాటిది. గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని అంబేడ్కర్ 1948లోనే ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో విప్పి చూపారు. ఆవును కోయడాన్ని మన దగ్గర 1977 చట్టం నిషేధించింది. అంగట్లో దొరికేది ఎక్కువగా దున్నా గేదే. అక్కడితో ఆపి పొయ్యి దగ్గరికి వద్దాం.

సగం వంట కసాయి దగ్గరే అయిపోతుంది. మెత్తటి కండ మాత్రమే ఏరుకునేవాళ్లకు పులుసు కుదరదు. పిక్క, మెడ, రొమ్ము అడగాలి. బాగా కష్టం చేసిన భాగాలివి. కండల మధ్య తెల్లటి పొరలుంటాయి, నరాలుంటాయి. చాలామంది కోసి పారేయమంటారు. అసలు సంపద అక్కడే ఉంది! వాటిలోని కొలాజెన్ డెబ్బై డిగ్రీల వేడి దాటాక కొద్దికొద్దిగా కరిగి జెలటిన్‌గా మారుతుంది. పెదాలకు అంటుకునే ఆ చిక్కదనం దాని వల్ల వచ్చిందే. మంచి పెద్దకూరకు వేరే పిండి ఎందుకు? ముక్కను పోగుకు అడ్డంగా కోయాలి. పోగు వెంట కోస్తే ఎంత ఉడికించినా పళ్ల కింద పీచులాగే ఉంటుంది.

ఉల్లిగడ్డలు ఎర్రగా వేగాక మాంసం వేసి, ఉప్పు, పసుపు, అల్లం ఎల్లిపాయ ముద్ద కలిపి మూత పెట్టాలి. చుక్క నీళ్లు పోయకూడదు. మాంసమే నీరు విడుస్తుంది, ఆ నీటిలోనే మగ్గుతుంది. నీరు ఇంకి నూనె తేలేటప్పుడు అడుగున చిటపట మొదలవుతుంది. మా మేనత్త మూత తీసి చూసేది కాదు. అరుగు మీద బీడీలు చుట్టుకుంటూనే ఆ చప్పుడు పట్టి లేచి వచ్చేది. ఎంతమంది మాట్లాడుతున్నా ఆమె చెవి అటికెలోనే ఉండేది. ఒక్కసారి కూడా అడుగంటనిచ్చింది కాదు. అప్పుడు కారం, ధనియాల పొడి వేసి తిప్పి, ముక్కలు మునిగేలా వేడినీళ్లు పోసి సెగ తగ్గించేది. చన్నీళ్లు పోయబోతే చేతిలో చెంబు లాక్కునేది.

ఇక రెండున్నర, మూడు గంటలు సన్నని సెగే. కూర తెర్లకూడదు, అంచుల్లో ఒకటి రెండు బుడగలు లేస్తే చాలు. పెద్దమంట పెడితే పోగులు బిగుసుకుపోయి లోపలి రసమంతా కక్కేస్తాయి. ముక్క నీళ్లలోనే ఉన్నా నోట్లో పొడిపొడిగా తగులుతుంది. తొందర ఉన్నవాళ్లు పచ్చి బొప్పాయి నూరి పట్టిస్తారు. పనిచేస్తుంది, కాదనను. కొంచెం ఎక్కువైందా, ముక్క పైన జావ, లోపల కట్టె. కుక్కర్ కూడా మెత్తబరుస్తుంది. కానీ మూత బిగించాక ఏం జరుగుతుందో చెవికి తెలియదు, ముక్కుకూ తెలియదు. తప్పనిసరైతే కుక్కర్లో ఉడికించి, చివరి అరగంట మామూలు గిన్నెలో దగ్గరకు రానివ్వండి.

పులుపు ఎప్పుడూ చివర్లోనే, ముక్క మెత్తబడ్డాకే. ఏ పులుపు అన్న దగ్గర నేను రాజీపడను. పుంటికూరకు నా దండం, కానీ పెద్దకూరకు అసలు జోడీ చింతచిగురు. ఎండాకాలం లేత చిగురును అరచేతుల మధ్య నలిపి వేస్తే వచ్చే ఆ వగరు పులుపు, కొవ్వు మీద పడి కూర రుచినే మార్చేస్తుంది. దోసకాయ వేసేవాళ్లున్నారు, పచ్చి చింతకాయ వేసేవాళ్లున్నారు. అన్నీ తిన్నాను. చిగురే గెలిచింది.

ఎండబెట్టిన మాంసం పట్టీల, అంటే తునకల సంగతి చెప్పకపోతే పాపం. మా వాడలో ఒక తాత ఉండేవాడు. తొడ ముద్దను ఎడమచేత్తో తిప్పుతూ కత్తి ఆడించేవాడు. మూరెడు పట్టీ, బారెడు పట్టీ, ఎక్కడా తెగేది కాదు, ఎక్కడా మందం మారేది కాదు. ఉప్పు, పసుపు రాసి దండెం మీద మూడు నాలుగు మండుటెండలకు ఎండబెట్టి కుండలో దాస్తే వానాకాలం దాకా ఢోకా లేదు. వాటిని నిప్పుల మీద కాల్చి, రోకలితో దంచి, వేడినీళ్లలో నానబెట్టి వండితే ఆ పొగ వాసన పులుసంతా పరుచుకుంటుంది. అలా పట్టీ తీసే చెయ్యి ఇప్పుడు మా ఊళ్లో ఒక్కటీ లేదు.

ఇవాళ హోటళ్లలో గోంగూర బీఫ్ అని తెచ్చిపెట్టేది చూస్తే కడుపు మండుతుంది. ముందే ఉడికించి పెట్టిన ముక్కల మీద సీసాలోని నిల్వ పచ్చడి, ఎర్ర రంగు, కార్న్‌ఫ్లోర్ చిక్కదనం! ముక్కకూ పులుసుకూ ఏ సంబంధమూ ఉండదు. ఇదే మన వంట అనుకుని పిల్లలు లొట్టలేస్తున్నారు. ఇంట్లోనైనా వండుకుందామంటే నగరంలో అద్దె ఇల్లు దొరకడమే కష్టం. మా ఇంటి యజమాని ఒకాయన వాసన వచ్చిందని నెల తిరక్కుండా ఖాళీ చేయించాడు. కిటికీలు మూసి, భయపడుతూ వండే కూరకు మూడు గంటల సన్నని సెగ ఎక్కడి నుంచి వస్తుంది? బయట వండినా అంతే. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే గొడవలయ్యాయి. ఆ గొడవ గురించి వందమంది మాట్లాడగా విన్నాను. కూర ఎలా వండారని అడిగినవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు.

నేను చూసిన తెలుగు వంటల పుస్తకాల్లో ఆవకాయకు పేజీలకు పేజీలున్నాయి, పెద్దకూరకు ఒక్క పేజీ లేదు. మరాఠీలో షాహూ పాటోళే తన దళిత సమాజపు వంటలను 2015లో పుస్తకంగా తెచ్చారు. 2024లో అది ఇంగ్లీషులోకీ వచ్చింది. మనకెందుకు లేదు? మీ ఇంట్లో ఈ కూర వండే అమ్మ, అమ్మమ్మ, మేనత్త ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోండి. ఏ భాగం తెమ్మంటుందో, నీళ్లు ఎప్పుడు పోస్తుందో, పులుపు ఎప్పుడు వేస్తుందో రాసుకోండి. ఆమె పేరు, ఊరి పేరు కూడా రాయండి. ఆ రాతలన్నీ ఒకచోట చేర్చి అచ్చువేసే ప్రచురణకర్త ఒక్కరైనా ముందుకు రావాలి.