ఆరవ అంకె ఆరు లీటర్లు కాదు

ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడువారు ఆమ్లజనిని, అనగా ఆక్సిజన్‌ను, వెంట తీసికొనిపోవుటకు చిన్న యంత్రములు నేడు బజారులో విరివిగా దొరకుచున్నవి. వానిని పొగడు కరపత్రములును అంతే విరివిగా నున్నవి. యంత్రము ఎంత తేలికయో, ఎన్ని గంటలు పనిచేయునో అవి చక్కగా చెప్పును. కాని రోగి ముక్కునకు నిమిషమునకు ఎంత వాయువు చేరునో చెప్పవలసినచోట ఒక అంకెను మాత్రము చూపి ఊరకుండును. ఆ లోపమును పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట యంత్రము చేయు పనిని చూతము. గాలిలో నూటికి సుమారు 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ఆమ్లజని ఉన్నవి. జియొలైటు అను పదార్థపు గుళికల గుండా గాలిని ఒత్తిడితో పంపినచో నత్రజని వానికి అంటుకొనును. ఆమ్లజని ముందుకు సాగిపోవును. ఒత్తిడి తగ్గింపగనే నత్రజని గుళికలను వీడిపోవును. రెండు గొట్టములు వంతులవారీగా ఈ పని చేయుచుండును. స్కార్‌స్ట్రామ్ అను శాస్త్రజ్ఞునికి ఈ పద్ధతిపై 1960లో అమెరికాలో పేటెంటు లభించెను. గాలియే ముడిసరుకు గనుక ఈ యంత్రము సిలిండరువలె ఖాళీ కాదు. విద్యుత్తు ఉన్నంతసేపు పనిచేయును. ఈ గుణమును కరపత్రములు పొగడుట న్యాయమే.

ఐతే గాలిని అదుముటకు పంపు కావలెను. పంపు పెద్దదైనకొలది బరువు పెరుగును. ఊపిరి విడుచునపుడు ముక్కువద్దకు వచ్చు ఆమ్లజని వృథాయే కదా! కావున పీల్పు మొదలైన క్షణముననే కొంచెము వాయువు వెలువడునట్లు నిర్మాతలు అమర్చిరి. ఇది తెలివైన ఏర్పాటే. చిక్కంతయు దానికి పెట్టిన అంకెలలో ఉన్నది.

ఉదాహరణకు, ఇనోజెన్ వన్ జి5 అను యంత్రము బరువు సుమారు 2.2 కిలోలు. దానిపై 1 మొదలు 6 వరకు అంకెలు కలవు. 6 వద్ద అది నిమిషమునకు ఇచ్చునది 1,260 మిల్లీలీటర్లు, అనగా లీటరుంబావు! 3 వద్ద ఇచ్చునది 630 మిల్లీలీటర్లే. వివరణ పుస్తకములో ఈ లెక్కను నిర్మాతలు దాచలేదు. కాని "నిమిషమునకు 3 లీటర్లు" అని వైద్యుడు వ్రాసిన చీటి పట్టుకొని, 3 అంకె ఉన్న యంత్రము చాలునని కొనువాడు పొరబడును. పీల్పు మొదటనే అందుటచే ఈ కొద్దిపాటి వాయువు హెచ్చుగా ఉపయోగపడుమాట నిజమే. ఐనను అది 3 లీటర్లకు సమానమని రోగిని పరీక్షింపక ఎవ్వరును చెప్పజాలరు. ఒక కంపెనీ 3, వేరొక కంపెనీ 3 ఒకటి కావు.

ఇంకొక లెక్క చూడుడు. నిమిషమునకు 20 సార్లు ఊపిరి తీసినచో ఆ 1,260 మిల్లీలీటర్లు ఒక్కొక్క ఊపిరికి 63 చొప్పున పంచబడును. మెట్లెక్కి ఆయాసముతో 30 సార్లు తీసినచో 42 మాత్రమే. అవసరము హెచ్చిన వేళ ఒక్కొక్క ఊపిరికి అందునది తగ్గుచున్నది! ఈ సంగతి ఏ కరపత్రపు మొదటి పుటలోనైన ఉండవలసినది.

ఎడతెగక వాయువు నిచ్చు యంత్రములును లేకపోలేదు. ఎక్లిప్స్ 5 అనునది నిమిషమునకు 3 లీటర్ల వరకు అట్లు ఇచ్చునట్లు నిర్మింపబడినది; కాని దాని బరువు 8 కిలోలు దాటును. తేలికదనమునకు మూల్యము వాయువుతోనే చెల్లింపవలెను.

2021లో కోవిడ్ రెండవ ఉధృతినాడు మన దేశమున ఎందరో ఆదుర్దాతో ఆమ్లజని యంత్రములను కొనిరి. ఆ జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము వానిపై వ్యాపార లాభమునకు నూటికి 70 అని హద్దు పెట్టెను. ధరకు హద్దు కలిగెను గాని, అంకె అర్థమును తెలిసికొను భారము కొనువానిపైననే ఉండెను.

కావున వైద్యుని సలహా లేక ఈ యంత్రమును కొనరాదు. కొనునపుడు ప్రతి అంకె వద్ద నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్లు వచ్చునో అడుగవలెను. బ్యాటరీ గంటలు ఏ అంకె వద్ద లెక్కించినవో, నిద్రలోని మెల్లని పీల్పును యంత్రము గుర్తించునో లేదో అడుగవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, డబ్బు చెల్లింపకముందే, వైద్యుని సమక్షమున రోగి ఆ యంత్రముతో నడచి, వ్రేలికి ఆక్సీమీటరు పెట్టి చూచుకొనవలెను.

ఉపాధ్యాయులు ఇట్టి కరపత్రము నొకదానిని తరగతికి తెచ్చి, పై భాగహారములను విద్యార్థులచే చేయింపవచ్చును. అంకె ప్రక్కన ప్రమాణము లేనిచో "ఎన్ని?" అని గాక "ఏమి?" అని అడుగుట వారికి అలవడును. ఆ అలవాటు ఏదో ఒకనాడు వారి యింటిలోని ఒక రోగి ఊపిరిని కాపాడగలదు.