దరఖాస్తులో చివరి కమ్మ

కిందటి నెల ఒక ఉద్యోగ ప్రకటన కంటపడింది. బౌద్ధ గ్రంథాలను వెతికి, ఫొటోలు తీసి, కేటలాగు చేసి, అడిగినవాళ్లకు ఉచితంగా అందించే లాభాపేక్ష లేని సంస్థ అది. దానికి డైరెక్టర్ కావాలట. నిధులు తేగలగాలి, బోర్డుకు జవాబు చెప్పగలగాలి, మఠాలతో మర్యాదగా మెలగాలి. అన్నిటికీ చివర ఒక పేజీ ఉత్తరం రాయాలి: 'మీ విజన్ ఏమిటి?'

ఇరవై ఏళ్లుగా తాళపత్రాల మధ్య బతుకుతున్నదాన్ని. కట్ట విప్పడం, కమ్మల దుమ్ము దులపడం, మసి రుద్ది అక్షరం తేల్చడం, తలా తోకా లేని గ్రంథానికి పేరు కనుక్కోవడం నా పని. విజన్ గురించి నాకు తెలిసిందల్లా నలభై దాటాక వచ్చిన చత్వారమే. అయినా రెండు రాత్రులు కూర్చుని రాశాను. నాకు పాత లిపి చదవడం నేర్పిన మాస్టారికి చూపించాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది కాబట్టి 'ఐ' అనే అక్షరం ప్రతి వరుసలోనూ నిటారుగా నిలబడి ఉంది. వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, "ఇరవైమూడు. అమ్మాయ్, ఇందులో నువ్వున్నావు, పుస్తకమెక్కడ?" అన్నారు. కాగితం తిరిగిచ్చేస్తూ, "గంటం పట్టినవాడెవడైనా చివరి కమ్మ మీద ఇలా రాసుకున్నాడా?" అని కూడా అన్నారు.

చివరి కమ్మ మీద లేఖకుడు ఏం రాస్తాడో చాలామందికి తెలియదు. ఫలానా సంవత్సరం, మాసం, తిథి. ఫలానా ఊళ్లో ఫలానా వారి కొడుకు, ఫలానా వారి కోసం రాసి ముగించాడు. చూసి రాసిన ప్రతిలో, అంటే మాతృకలో ఎలా ఉంటే అలాగే దించాడు, తప్పులుంటే పెద్దలు దిద్దుకోవాలి. నడుమూ మెడా పడిపోయేలా రాసినది కాబట్టి నీళ్ల నుంచి, నూనె నుంచి, వదులు కట్టు నుంచి దీన్ని కాపాడాలి. ఇంతే. దీన్నే పుష్పిక అంటాం. మాతృక సంగతి, తన తప్పుల సంగతి, కాపాడమనే వేడికోలు: మూడే మాటలు. గ్రంథాన్ని బతికించేవాడి అసలైన దరఖాస్తు అదేనేమో అనిపించింది.

బౌద్ధ గ్రంథాల విషయంలో మన తెలుగువాళ్లకు ఈ మాట ఇంకాస్త గట్టిగా తగలాలి. ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు రాశాడని చెప్పే 'సుహృల్లేఖ' ఉంది. స్నేహితుడికి హితవు చెప్పే ఉత్తరం. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, దీన్ని ఇక్కడి విద్యార్థులు కంఠస్థం చేస్తారని రాసిపెట్టాడు. ఇప్పుడు దాని సంస్కృత మూలం లేదు. నాగార్జునకొండలో రాయి మిగిలింది, ఆకు పోయింది. ఆ ఉత్తరాన్ని చైనా, టిబెటన్ అనువాదాల్లోనే చదువుకోవాలి. టిబెటన్ ప్రతి పుష్పికలో అనువదించినవాళ్ల పేర్లు ఉంటాయి: సర్వజ్ఞదేవుడనే భారతీయ పండితుడు, కావా పల్చెక్ అనే టిబెటన్. ఆ ఇద్దరూ విజన్ గురించి ఏమీ రాయలేదు. పేర్లు రాసి ఊరుకున్నారు. రాజుగారికి రాసిన ఉత్తరం దక్కింది.

టిబెటన్లు మన తాటాకు ఆకారాన్ని కూడా వదల్లేదు. కాగితం వాడినా పొడుగ్గా, సన్నగా, కుట్లు లేని విడి రేకులుగానే ఉంచారు. పైనా కిందా చెక్కలు పెట్టి, గుడ్డలో చుట్టి దాచారు. మొదటిసారి అలాంటి కట్ట విప్పినప్పుడు నాకు పరాయి ఇంటికి వెళ్లినట్టు అనిపించలేదు.

మరి ఇలాంటి సంస్థకు నాయకుడు చేయాల్సిందేమిటి? నాకు గుర్తొచ్చేది జీన్ స్మిత్. 1936లో అమెరికాలోని యూటాలో పుట్టాడు, సియాటిల్లో దెషుంగ్ రింపోచే అనే టిబెటన్ గురువు దగ్గర చదువుకున్నాడు, 1968లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయంలో చేరాడు. 1959 తర్వాత టిబెట్ శరణార్థులు వీపున మోసుకొచ్చిన గ్రంథాలు అప్పటికి మన దేశంలో చెల్లాచెదురుగా ఉన్నాయి. కొన్నిటికి ఆ ఒక్కటే ప్రతి.

అమెరికా గోధుమలు తిన్న తరానికి పీఎల్-480 పథకం గుర్తుండే ఉంటుంది. ఆ గోధుమలకు మనం రూపాయల్లో కట్టిన డబ్బులో కొంత, ఇక్కడ అచ్చయ్యే పుస్తకాలను అమెరికా గ్రంథాలయాల కోసం కొనడానికి వాడారు. శరణార్థులు ఢిల్లీలోనూ ఇతర చోట్లా తమ గ్రంథాలను అచ్చు వేసుకున్నారు, లైబ్రరీ వాటిని కొన్నది, ప్రతులు అమెరికా విశ్వవిద్యాలయాలకు చేరాయి. ఒక్క ప్రతి పదుల ప్రతులైంది. స్మిత్ ఆ పుస్తకాలు చాలావాటికి ముందుమాటలు రాసి, గ్రంథం ఎవరిదో, ఏ పరంపరదో విడమరిచాడు. ఉద్యోగం వదిలాక 1999లో, తాను పోగుచేసిన గ్రంథాలే పెట్టుబడిగా అమెరికాలోని కేంబ్రిడ్జిలో టిబెటన్ బుద్ధిస్ట్ రిసోర్స్ సెంటర్ పెట్టాడు. 2010లో కన్నుమూశాడు. నేడది బుద్ధిస్ట్ డిజిటల్ రిసోర్స్ సెంటర్.

గోధుమల లెక్కలో పుస్తకం కనబడాలి. దాన్నే నాయకత్వం అంటాను. మన బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి కావ్యాలకు ప్రతులు రాయించినదీ ఇలాంటి చూపుతోనే.

ఇంకో చిక్కు కూడా ఉంది. దీక్ష లేనిదే చదవకూడదని గురువులు చెప్పే తాంత్రిక గ్రంథాలు ఉంటాయి. అన్నీ అందరికీ తెరవాలని పండితులంటారు, అలా కుదరదని మఠం అంటుంది. మధ్యలో కూర్చునేది డైరెక్టరే. నేనైతే మఠం మాటకే మొగ్గుతాను. గ్రంథం వాళ్లది, కెమెరా మాత్రమే మనది. ఫొటోలు తీసుకున్నవాడు ఆ ఊళ్లో ఒక ప్రతి ఇచ్చి రావాలి.

ఇవన్నీ మాస్టారికి చెప్పాను. ఆయన విని, "తప్పు రాయలేదేం?" అన్నారు. ఏ తప్పో ఇద్దరికీ తెలుసు.

పదకొండేళ్ల కిందట ఒక ఇంట్లో పెద్ద కట్ట దొరికింది. మూడు వారాలు అక్కడే ఉండి ప్రతి కమ్మకూ రెండు వైపులా ఫొటోలు తీశాను. ఒకే హార్డ్‌డిస్కులో పెట్టాను. ఆరు నెలలకు డిస్కు చెడింది. మళ్లీ తీద్దామని ఆ ఇంటికి వెళ్తే, ఆ పెద్దావిడ మంచినీళ్లిచ్చి తాపీగా చెప్పింది. "నువ్వు ఫొటోలు తీసుకున్నావు కదమ్మా, ఇంక మాకెందుకని మొన్న పుష్కరాల్లో కృష్ణలో కలిపేశాం."

నేను వెళ్లకపోయి ఉంటే ఆ కట్ట అటక మీదే ఉండేది.

ఉత్తరం మళ్లీ రాశాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మొదట, కృష్ణలో కలిసిన కట్ట సంగతి తర్వాత. చివరగా, వస్తే మొదటి రోజు ఏం చేస్తానో: ప్రతి ఫైలుకూ రెండో ప్రతి ఏ ఊళ్లో ఉంది, మూడోది ఎక్కడుందని అడుగుతాను. నిధుల కోసం ఎవరి ముందు నిలబడ్డా ఆ మూడో ప్రతి కోసమే అడుగుతాను. మాస్టారు ఈసారి లెక్కపెట్టలేదు. "పంపెయ్" అన్నారు. పంపేశాను. ఇంకా జవాబు రాలేదు.

ఈలోగా మీతో ఒక మాట. మీ ఇంటి అటక మీదో, దేవుడి గూట్లోనో తాళపత్రాల కట్ట ఉంటే నదిలో కలపకండి, తడి గుడ్డతో తుడవకండి, వరుస తప్పనివ్వకండి. ఎవరైనా వచ్చి ఫొటోలు తీసుకుంటే ఒక ప్రతి అడిగి పుచ్చుకోండి. ఆ తర్వాత కూడా కట్టను ఇంట్లోనే ఉంచండి. తీసినవాళ్లు నాలాంటివాళ్లయి ఉండొచ్చు.