పోయిన జీవుడికి పది రోజులు

ఆత్మ వేరు, ఒళ్లు వేరు అన్న సంగతి తెలుగువాళ్లు పుస్తకాల్లో చదివి తెలుసుకునేది తక్కువ, చావింట్లో చూసి తెలుసుకునేది ఎక్కువ. మెదక్ చుట్టుపక్కల ఊళ్లలో మనిషి ఆఖరి ఘడియల్లో ఉన్నాడనగానే మంచం మీద నుంచి కిందికి దించుతారు. నోట్లో తులసి తీర్థం పోస్తారు. ప్రాణం పోయాక తలాపున దీపం పెడతారు. పాడె ఎత్తి, డప్పుల మధ్య బయలుదేరాక సగం దారిలో ఒకచోట ఆగుతారు. పాడె దించి, కొడుకో దగ్గరి బంధువో చెవి దగ్గరికి వంగి మూడుసార్లు పిలుస్తాడు. ఇదే దింపుడు గల్లం. నాడి చూసే వైద్యుడు దొరకని కాలంలో అది ఆఖరి పరీక్ష కూడా అయి ఉండాలి. ఇప్పుడు ఆసుపత్రి నుంచి మరణ ధ్రువపత్రం చేతికొచ్చాక కూడా పాడె దించుతూనే ఉన్నారు, పిలుస్తూనే ఉన్నారు.

పోయిన జీవుడు ఒక్క క్షణంలో పోడు అన్నది ఈ ఆచారం లోపల ఉన్న నమ్మకం. తర్వాత జరిగే తంతు అంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది. చితి చుట్టూ తిరిగేటప్పుడు భుజం మీది కుండకు తిరుగుతున్న కొద్దీ చిల్లులు పెడతారు. నీళ్లు కారిపోయాక కుండ వదిలేసి వెనక్కి చూడకుండా నడవమంటారు. మూడో రోజు అస్థికలు ఏరి, పిట్టకు అన్నం పెడతారు. కాకి ముట్టకపోతే పోయినాయనకు ఏదో కోరిక మిగిలిపోయిందని, ఇంటి పెద్దలు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తారు: చిన్నదాని పెళ్లి చేస్తామని, అప్పు తీరుస్తామని. ఆత్మ ఉందో లేదో తేలకపోయినా, ఆస్తి తగాదాలో నోరు విప్పని అన్నదమ్ములు కాకి ముందు ఊరందరి ఎదుట మాట ఇచ్చేది అక్కడే.

పది రోజుల లెక్కకు గరుడ పురాణం ఒక వివరణ ఇస్తుంది. ఒళ్లు కాలిపోయాక జీవుడికి నిలువ నీడ ఉండదు. కొడుకు రోజుకొకటి చొప్పున పెట్టే పిండాలతో అతనికి మళ్లీ ఒక శరీరం తయారవుతుంది. మొదటి రోజు తల, రెండో రోజు మెడ, భుజాలు, మూడో రోజు గుండె, అలా కిందికి దిగుతూ తొమ్మిదో రోజుకు పాదాలు ఏర్పడతాయి. పదో రోజు పిండంతో ఆకలిదప్పులు పుడతాయి. ఆపైన సపిండీకరణంతో ప్రేతం పితృదేవతల్లో కలుస్తుంది. అంటే ఆత్మను ఒంటి నుంచి విడదీసిన శాస్త్రమే దాన్ని ఒళ్లు లేకుండా పది రోజులు కూడా ఉంచలేకపోయింది. ఆ కొత్త ఒంటికి ముడిసరుకు అన్నం ముద్ద. మెతుకుసీమ అని పేరున్న మెదక్ నేలకు ఈ లెక్క వింతగా తోచదు.

ఉపనిషత్తులు, గీత చెప్పే ఆత్మ ఇలా ఉండదు. దానికి ఆకలి లేదు, పుట్టుక చావులు లేవు, కత్తికి తెగదు, నిప్పు అంటదు. కఠోపనిషత్తు శరీరాన్ని రథమంటుంది, ఆత్మను అందులో కూర్చున్న యజమాని అంటుంది. తైత్తిరీయోపనిషత్తు ఐదు కోశాలు చెబుతుంది: అన్నంతో అయిన ఒళ్లు బయటిది, దాని లోపల ప్రాణం, దాని లోపల మనసు, ఆపైన విజ్ఞానం, ఆనందం. ఈ లెక్కలో ప్రాణం కూడా ఆత్మకు తొడుగే. ఊళ్లో ప్రాణం, జీవుడు, ఆత్మ అన్న మూడు మాటలూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు. మెదక్ చౌరస్తాలో కట్టే ప్రతి సంతాప ఫ్లెక్సీ మీదా ఆత్మకు శాంతి కలగాలని ఉంటుంది. గీత చెప్పిన ఆత్మకైతే అశాంతి కలిగే వీలే లేదు. ఆ శాంతి ఎవరికి కావాలో ఫ్లెక్సీ కట్టించిన వాళ్లకు తెలుసు.

సిద్ధాంతం దుఃఖాన్ని ఎంతవరకు తీరుస్తుందన్న ప్రశ్నకు మెదక్ పక్కనే ఒక పాత సాక్ష్యం ఉంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచల మల్లినాథసూరిది కొల్చారం. ఆయన సంజీవని వ్యాఖ్య రాసిన రఘువంశంలో ఎనిమిదో సర్గ అజ మహారాజు దుఃఖం. ఆకాశం నుంచి జారిన పూలదండ తగిలి అతని భార్య ఇందుమతి చనిపోతుంది. అజుడు కుప్పకూలిపోతాడు. యాగదీక్షలో ఉండి రాలేని కులగురువు వసిష్ఠుడు శిష్యుడి చేత కబురు పంపుతాడు: శరీరం, శరీరి అన్న రెండే కలిసి విడిపోతుంటే, బయటి బంధాలు తెగాయని తెలివైనవాడు కుమిలిపోవడం దేనికని. ఆత్మ శరీరాల భేదాన్ని దుఃఖానికి మందుగా ఇంత సూటిగా వాడిన చోటు సంస్కృత కావ్యాల్లో అరుదు. ఆ మందు పనిచేయలేదు. శోకంతో నిండిన గుండెలో చోటు దొరక్క ఆ ఉపదేశం తిరిగి గురువు దగ్గరికే వెళ్లిపోయినట్టుందని కాళిదాసే అంటాడు. కొడుకు చిన్నవాడని అజుడు ఎనిమిదేళ్లు ఎలాగో నెట్టుకొచ్చి, గంగా సరయూ సంగమంలో ఒళ్లు వదిలేస్తాడు. వసిష్ఠుడి తర్కంలో తప్పు లేదు. తర్కం ఒక్కటే పంపడం తప్పు. చావింటికి కబురు సరిపోదు, మనిషి వెళ్లాలి.

ఆత్మ గురించి గీత చెప్పిన మాటను ఒప్పుకోని వాళ్లు కూడా ఈ నేల మీద ఉన్నారు. పాత మెదక్ జిల్లాలోని కొండాపూర్‌లో 1940ల మొదట్లో జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల నాటి పట్నంతో పాటు బౌద్ధ కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. మనిషి అనేది మారుతూ పోయే కొన్ని స్కంధాల కలయిక, వాటి వెనుక మారని ఆత్మ ఏదీ లేదన్నది బౌద్ధం. కొల్చారంలోనే జైన తీర్థంకరుడు పార్శ్వనాథుడి నల్లరాతి విగ్రహం ఉంది. జైనుల జీవుడు ఏ ఒంట్లో ఉంటే ఆ ఒంటి పరిమాణంలో ఉంటాడు. చీమలో చీమంత, ఏనుగులో ఏనుగంత. చార్వాకులది ఇంకా తెగువ. పులిసిన సరుకులో మత్తు పుట్టినట్టే నాలుగు భూతాలు కలిస్తే తెలివి పుడుతుంది, ఒళ్లు పోతే అదీ పోతుందన్నారు. తెలంగాణ పల్లెల్లో తంబుర మీద తత్వాలు పాడే అచల గురువుల శిష్యులు మరో మెట్టు ఎక్కి, ఎరుక కూడా నిలిచేది కాదని, ఉన్నది బయలేనని అంటారు. చావింట్లో రాత్రంతా భజన కూర్చునేదీ తరచుగా వాళ్లే.

ఆత్మను కళ్లారా చూడాలన్న పంతం కూడా పాతదే. పోతులూరి వీరబ్రహ్మం చుట్టూ అల్లుకున్న కథల్లో కక్కయ్య కథ ఒకటి. ఒంట్లో చక్రాలున్నాయి, వాటిలో దేవతలున్నారు అని బ్రహ్మంగారు శిష్యుడు సిద్ధయ్యకు చెబుతుంటే విన్న కక్కయ్య ఇంటికెళ్లి నిద్రపోతున్న భార్యను కోసి చూశాడట. నెత్తురు, పేగులు తప్ప ఏమీ కనబడలేదు. బ్రహ్మంగారు వచ్చి ఆమెను బతికించారని కథ. సందేహం మొగుడిది, కత్తివేటు ఇల్లాలిది. కథ చెప్పేవాళ్లు అక్కడ ఆగరు. 1901లో అమెరికాలో డంకన్ మక్‌డూగల్ అనే వైద్యుడు కత్తి బదులు తక్కెడ పట్టాడు. చావుబతుకుల్లో ఉన్న ఆరుగురిని మంచంతో సహా తూచాడు. ఒక్కరి విషయంలో తేలిన తేడా మీద ఆత్మ బరువు 21 గ్రాములని పుకారు పుట్టింది. ఆ ప్రయోగాన్ని శాస్త్రవేత్తలు ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. సినిమా మాత్రం తీశారు.

మెదక్ పేరు చెప్పగానే గుర్తొచ్చే చర్చిది వేరే దారి. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1914లో మొదలుపెట్టించిన ఈ కట్టడాన్ని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. గోపురం ఎత్తు 175 అడుగులు. కరువు కాలంలో జనానికి పని, పనికి అన్నం ఇస్తూ కట్టించారని చెబుతారు. ఆత్మల రక్షణకని వచ్చినవాళ్లు ముందు కడుపులకు జవాబు చెప్పాల్సి వచ్చింది. క్రైస్తవ విశ్వాస ప్రమాణంలో ఉన్నది శరీర పునరుత్థానం. ఒళ్లు వదిలేయాల్సిన బట్ట కాదు, తిరిగి లేవాల్సినది. చర్చిలోని రంగుటద్దాల కిటికీల్లో ఒకదాని మీద క్రీస్తు పరలోకానికి ఎక్కిపోతున్నది ఒంటితోనే. అందుకే వాళ్లు పూడుస్తారు. ముస్లింలూ గుసుల్ స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టి, జనాజా నమాజు తర్వాత ముఖం ఖిబ్లా, అంటే మక్కా, వైపు తిప్పి పూడుస్తారు. రూహ్, అంటే ఆత్మ, దేవుడి ఆజ్ఞ, దాని గురించి మనుషులకు ఇచ్చిన జ్ఞానం కొంచెమే అంటుంది ఖురాన్. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు లింగాయతులు ఇష్టలింగంతో సహా కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు. మనిషి లింగైక్యం చెందాడు గనుక వాళ్లకు మైల లేదు, పిండాల పనీ లేదు.

ఈ పాత చర్చ ఇప్పుడు ఐసీయూ తలుపు దగ్గరికి వచ్చింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మెదడు కాండం చనిపోతే మనిషి చనిపోయినట్టే అంటుంది. నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారిస్తుంది. అప్పటికి వెంటిలేటర్ మీద ఛాతీ కదులుతుంటుంది, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, గుండె కొట్టుకుంటూ ఉంటుంది. దింపుడు గల్లం దగ్గర పిలిచి చూసే మనుషులను చనిపోయాడని నమ్మమనడం తేలిక కాదు. 2013లో మొదలైన జీవన్‌దాన్ అవయవదాన కార్యక్రమంలో వైద్యులు ఇంటివాళ్లతో మాట్లాడేది ఈ ఘడియలోనే. కళ్లు తీస్తే వచ్చే జన్మలో గుడ్డివాడవుతాడన్న భయం ఇంకా ఉంది. ఆ భయానికి ఆధారం శాస్త్రాల్లో దొరకదు. పిండాలతో ఏర్పడే ఒళ్లు పాత ఒంటి ముక్కలతో అయ్యేది కాదు. వెన్నెముక ఇచ్చిన దధీచికి తక్కువ లోకం వచ్చిందని ఏ పురాణమూ చెప్పలేదు.

గరుడ పురాణం ఇంటివాళ్లకు పది రోజులిచ్చింది. ఆసుపత్రి ఇవ్వగలిగింది గంటలే. బయటికి తీసిన గుండె నాలుగైదు గంటలకు మించి నిలవదు. అంత తక్కువ సమయంలో ఆత్మ గురించి తేల్చుకోవడం ఏ కుటుంబం వల్లా కాదు. అవయవాలు ఇవ్వాలనుకున్నవాళ్లు ఆ మాట ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఇంట్లో చెప్పి ఉంచాలి. జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకున్నా, చివరికి ఆసుపత్రి అడిగేది ఇంటివాళ్లనే.