ఎవరి చేతికి ఏ వాద్యం

ఈ పుస్తకం రాసినబ్బాయి వ్రాతప్రతి తెచ్చిన రోజున నా చెవికి ఇయర్‌ఫోన్ పెట్టి ఒక పాట వినిపించాడు. 'ది బ్యాండ్' అనే బృందం 1968లో తెచ్చిన 'ది వెయిట్'. పల్లవి చివర ఒకే మాటను ఒకరి వెనక ఒకరు అందుకుంటారు. అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, ఆ ముక్కనే ఆరేడుసార్లు వినిపించాడు. బుర్రకథలో కథకుడి మాటను వంతలు అందుకున్నట్టే ఉంది. గొంతులు కలిశాయి గాని కరిగిపోలేదు, ఎవరి జీర వాళ్లదే. పీఠిక రాస్తానని ఆ పూటే మాటిచ్చాను.

ఆ పాట పుట్టిన తీరు ఇందులో చక్కగా చెప్పాడు. బృందంలో గిటార్ వాయించే రాబీ రాబర్ట్‌సన్ తన మార్టిన్ గిటార్ లోపలికి తొంగి చూస్తే, అది తయారైన ఊరి పేరు కనిపించింది: పెన్సిల్వేనియాలోని నాజరెత్. కథ ఆ ఊళ్లోనే మొదలైంది. రాసింది కెనడావాడు. మొదటి చరణాలు పాడింది మాత్రం బృందంలోని ఒకే ఒక్క దక్షిణాది అమెరికన్, ఆర్కన్సా పల్లెల్లో పెరిగిన డ్రమ్మర్ లెవాన్ హెల్మ్. ఆ యాసలో పడ్డాకే మాటలకు మట్టివాసన వచ్చింది. తర్వాత ఒక చరణం రిక్ డాంకో అందుకుంటాడు, కథలో కొత్త మనిషి నోరు విప్పినట్టుంటుంది.

నన్ను కట్టిపడేసింది 'ర్యాగ్ మామా ర్యాగ్' అధ్యాయం. 1969 నాటి ఆ పాటకు డ్రమ్మర్ హెల్మ్ మాండొలిన్ పట్టాడు. పియానో వాయించే రిచర్డ్ మాన్యుయెల్ డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు. బేస్ గిటార్ డాంకో ఫిడేలు తీశాడు. ఆర్గన్ గార్త్ హడ్సన్ పియానోకి మారాడు. మరి బేస్ ఎవరు వాయించాలి? నిర్మాత జాన్ సైమన్ ట్యూబా ఊదాడు. పాట ఏ వాద్యం అడిగితే అది, ఎవరి చేతిలో నప్పితే వాళ్లకి. నేను నాటకాలకు హార్మోనియం వాయించిన రోజుల్లో, నటుడు ఊపిరి తీసుకునే సందు దొరికితే చాలు, స్వరాలతో పూడ్చేసేవాణ్ణి. ఆ సందు పద్యానిదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈ కుర్రవాడికి ముప్పయ్యేళ్లకే తెలిసింది.

పాటల మీద కర్తగా ఎక్కువగా రాబర్ట్‌సన్ పేరే ఉండటం గురించి హెల్మ్ 1993లో తన ఆత్మకథలో బాధపడ్డాడు. రచయిత ఇద్దరి మాటలూ వినిపించి ఊరుకున్నాడు. నాకైతే హెల్మ్ బాధ న్యాయమే అనిపిస్తుంది. సాహిత్యం ఒకరిదే కావచ్చు, మనం వింటున్న పాట అయిదుగురిదీ.

'అప్ ఆన్ క్రిపుల్ క్రీక్'లో మోర్సింగ్ భలే పలికిందని నేనంటే, "అది మోర్సింగ్ కాదు తాతగారూ" అన్నాడు. వా-వా పెడల్ మీదుగా హడ్సన్ వాయించిన క్లావినెట్ అట. ఆ పేజీ వచ్చినప్పుడు చదవడం ఆపి, ముందు పాట వినండి.