ఒక్క చెట్టు కల్లు

ఫ్రాన్స్‌లో బుర్గుండి అనే సీమ ఉంది. పినో నువార్ అనే నల్లద్రాక్షతో అక్కడ ఎర్ర వైన్ చేస్తారు. ఏ ఊరి వైన్ అని అడిగి ఊరుకోరు, ఏ మడిదని అడుగుతారు. గట్టు అవతల ఒక పేరు, ఇవతల ఇంకో పేరు, ధరలు కూడా వేరు. ఆ మళ్లలో చాలావాటిని తరతరాలుగా చిన్న చిన్న కుటుంబాలే చూసుకుంటున్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సంగతి చదివినప్పుడు నా మనసు జగిత్యాల దిక్కు ముత్యంపేట చుట్టుపక్కల పొలంగట్ల మీదికి పోయింది. అక్కడి ఈత చెట్లనూ తాడిచెట్లనూ గీసే గౌడన్నలు మడి దగ్గర ఆగరు, చెట్టు దాకా చెప్తారు.

మా దిక్కు ఇంటికి చుట్టమొస్తే, తెలిసిన గౌడన్నను అడిగేది ఒక్క చెట్టు కల్లే. నాలుగు లొట్లు కలిపి పోసింది కాదు. "గీ చెట్టుది తీపుంటది తమ్మీ, ఆ బాయికాడిది జర వగరు. అమ్మకైతే గిదే తీస్కపో" అని ఆయనే ఏరి ఇస్తాడు. తన తండ్రి గీసిన చెట్టునే తనూ గీస్తున్నవాడు చెప్పే మాట అది.

గీసే ఈత చెట్టును ఎప్పుడైనా దగ్గరగా చూడండి. మొద్దు నిటారుగా ఉండదు, వంకర టింకరగా పైకి పోతుంది. ఒక ఏడు ఒక దిక్కు గీస్తే మరుసటి ఏడు దానికి ఎదురు దిక్కు గీస్తారు. పాత గాట్లు మెట్లలా కిందే ఉండిపోతాయి, చెట్టు పెరుగుతూ పోతుంది. ఎన్నేళ్లుగా ఆ చెట్టు కల్లు ఇస్తున్నదో గాట్లు లెక్కపెట్టి చెప్పొచ్చు. గీత లోతు మించి మొవ్వకు తగిలితే చెట్టు చచ్చిపోతుంది. చెట్టును బతకనిస్తూ దాని నుంచి తీసుకోవడం ఎట్లాగో ఆ కత్తికి తెలుసు. నేలను కాపాడే సేద్యం గురించి ఇప్పుడు పెద్ద పెద్ద సదస్సులు జరుగుతున్నాయి. నీళ్లు పెట్టకుండా, ఎరువు వేయకుండా, మందు కొట్టకుండా తరాల తరబడి సాగుతున్న ఈ పనిని అక్కడ ఎవరైనా తలుచుకుంటే బాగుండును.

తాడిచెట్టు సంగతి వేరు. నడుముకు మోకు, కాళ్లకు గుజి, వెనక ముత్తాదు, అందులో కత్తులు. పైకెక్కి గెల కొసను ఉల్లిపొరంత పలుచగా చెక్కి, లొట్టి కట్టి దిగాలి. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి. ఒక్కరోజు గీయకపోతే కొస ఎండి ధార తగ్గుతుంది. అందుకే గౌడన్నకు పండుగ రోజైనా చెట్టు తప్పదు.

గెల నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీళ్లు. లొట్టికి లోపల సున్నం పూస్తే పులవకుండా నీరగా దక్కుతుంది. సున్నం లేకపోతే లొట్టిలో ఉన్న ఈస్టే పని మొదలుపెడుతుంది. తెల్లారేసరికి నురగ, మధ్యాహ్నానికి ఘాటు, మరునాటికి పులుపు. వైన్‌లో ఆల్కహాల్ పన్నెండు, పదమూడు శాతం దాకా ఉంటుంది. కల్లులో నాలుగైదు శాతం. వైన్ చేసేవాడికి ఏడాదికి ఒక్కటే కోత, దాన్ని ఏళ్ల తరబడి దాచుకుంటాడు. గౌడన్నకు రోజుకు రెండు కోతలు, దాచుకునేది ఏమీ ఉండదు.

ఆ దాగని గుణమే కల్లుకు కాపలా అని నా నమ్మకం. చెట్టుకూ తాగేవాడికీ మధ్య నాలుగు అడుగులే ఉన్నన్నాళ్లు మోసానికి చోటు లేదు. డిపోలు, డ్రమ్ములు, ఆటోలు వచ్చి ఆ దూరం పెరిగిన చోటే డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిశాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. ఆ వార్తలు చూసి కల్లు అంటేనే విషం అనుకున్నవాళ్లున్నారు. ఆ డ్రమ్ముల్లో ఉన్నదానికి ఏ చెట్టుతోనూ సంబంధం లేదని గట్టిగా చెప్పాల్సింది మనమే.

అయితే కల్లు దక్కాలంటే ముందు చెట్లు మిగలాలి. ముత్యంపేట పేరు చెప్తే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చక్కెర ఫ్యాక్టరీ. 2015 డిసెంబరులో అది మూతపడ్డది. చెరకు రైతులు ధర్నాలు చేశారు, పాదయాత్రలు చేశారు. చేయాల్సిందే, న్యాయమైన పోరాటం అది. కానీ అదే ఊళ్లలో గట్లు చదును చేసి ఈత, తాడి చెట్లు కొట్టేస్తుంటే ఒక్క ధర్నా జరిగినట్టు నేను వినలేదు. ఫ్యాక్టరీ తెరిస్తే చెరకు ఏడాదిలో చేతికొస్తుంది. తాడిచెట్టు గీతకు రావాలంటే పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. గెల వేసేదాకా అది పోతుతాడో పండుతాడో కూడా తెలియదు.

చెట్టు ఉన్నా ఎక్కేవాడు ఉండాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఎన్నో ఇళ్లలో తండ్రి మోకు గోడకు వేలాడుతుంటే, కొడుకు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్నాడు. తాడి మీద నుంచి పడి నడుము విరిగిన తండ్రిని చూసినవాడు కత్తి పట్టకపోతే తప్పు పట్టలేం. 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చాలా ముందే రావాల్సిన పని. చెట్టెక్కే ప్రతి ఒక్కరికీ అది అందాలి, వాడకం నేర్పాలి.

రైతన్నలకు నాది ఒక్క మనవి. వానాకాలం చివర తాటిపండ్లు రాలుతాయి. గేగుల కోసం టెంకలు పాతుతారు కదా, వాటిలో నాలుగింటిని గట్టు మీద పాతి, తవ్వకుండా వదిలేయండి.