ఇంజను నాడి తెలిసిన చేయి

పాత కారు పొగ కక్కగానే ఇంజను మార్చేయమనడం తేలిక. నంద్యాల, ఆళ్లగడ్డ షెడ్లలో మంచి మెకానిక్ ముందు కంప్రెషన్ చూస్తాడు. తక్కువ చూపిన సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూస్తాడు. ఒత్తిడి పెరిగితే అరిగినవి పిస్టన్ రింగులో, బోరో. పెరగకపోతే తప్పు వాల్వులదో, హెడ్ గ్యాస్కెట్‌దో. ఆ ఓపికకు నమస్కారం. ఆళ్లగడ్డ శిల్పికి రాయిలో ఎంత తీయాలో తెలిసినట్టే, అరిగిన సిలిండర్‌కు బోరింగ్ చేసేవాడికి ఇనుములో ఎంత తీయాలో తెలియాలి.

సెకండ్‌హ్యాండ్ ఇంజనైతే త్వరగా పని అయిపోతుంది కదా అంటారు. నిజమే, బ్లాకు పగిలితే అదే దారి కావచ్చు. కానీ కొన్నది లోపల ఎంత అరిగిందో మళ్లీ అదే పరీక్ష చెప్పాలి. పైగా రవాణా శాఖ అనుమతితో ఆర్‌సీలో ఆ ఇంజను నంబరు ఎక్కించాలి. 2014లో తయారీ ఆగిన అంబాసిడర్‌కైతే, బ్లాకు గట్టిగా ఉన్నంతకాలం, ఓవర్‌సైజు పిస్టన్లతో సొంత ఇంజన్నే నిలబెట్టడం మేలు.